రెండు సిజేరియన్లయిన ఆమె మూడోది నార్మల్ కావాలంటోంది, డాక్టర్‌గా నేనేం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. పీజీ అయి ఏడాదిన్నర. జిల్లా కేంద్రంలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నారు. మీ దగ్గరికి వస్తున్న ఒక గర్భిణికి 29 ఏళ్లు, ఇప్పుడు 34 వారాలు, ముందు రెండు కాన్పులూ సిజేరియనే. ఈసారి నొప్పులు వచ్చేదాకా ఆగుతాను, నార్మల్‌కి ప్రయత్నిస్తాను అంటోంది. మీ ఆసుపత్రిలో గైడ్‌లైన్ అని చెప్పుకునే రూలు ప్రకారం 38 వారాలు నిండగానే ఆపరేషన్ పెట్టేయాలి. యజమాని డాక్టరు గారేమో "హై రిస్క్ అని రాసి సంతకం పెట్టించుకో, లేదంటే వేరే చోట చూసుకోమను" అన్నారు. ఈ రెండిట్లో ఏది సరైనదని అడిగారు.

రెండూ కావమ్మా. ఎందుకో చెప్పే ముందు, ఇరవై ఎనిమిదేళ్లుగా కాన్పులు చేస్తున్న నేను మొదట్లో చేసిన ఒక తప్పు చెప్పాలి.

అప్పుడు నాకూ మీ అంత అనుభవమే. ఒక సిజేరియన్ అయిన గర్భిణి ఓపీకి వచ్చింది. ఆపరేషన్ వద్దంది. పదిమంది వింటుండగా నేను "బిడ్డకేమైనా అయితే నా బాధ్యత కాదు, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను. తలవంచుకుని పెట్టింది. ఆ తర్వాత చెకప్‌కి రాలేదు. మూడు వారాలకి ఒక రాత్రి ఆటోలో తీసుకొచ్చారు. పొద్దుటినుంచీ ఇంట్లోనే నొప్పులు పడింది. గర్భసంచి మీది పాత కుట్టు విడిపోయింది. బిడ్డ దక్కలేదు, తల్లిని దక్కించుకోవడానికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. తెల్లారాక వాళ్ళమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మీరు తిడతారని ఆలస్యం చేశామమ్మా."

ఆమె వద్దన్నది ఆపరేషన్ ఒక్కటే. ఆసుపత్రి వద్దనలేదు, గుండె చప్పుడు చూడొద్దనలేదు, రక్తం సిద్ధం చేయొద్దనలేదు. నేనే అన్నీ ఒకటి చేసి, ఒకటి కాదంటే అన్నీ పోయినట్టు మాట్లాడాను. మీ ప్రశ్నకి నా జవాబంతా ఇక్కడినుంచే వస్తుంది. గైడ్‌లైన్ చెప్పింది ఆమె వద్దంటే మన పని అక్కడితో అయిపోదు. ఆమె ఎంచుకున్న దారిలో ప్రమాదం ఎంత తగ్గించగలమో చూడటం మన పనే.

ముందు ఒక సంగతి సరిచూసుకోండి. మీరు గైడ్‌లైన్ అంటున్నది నిజానికి మీ ఆసుపత్రి రూలు. బ్రిటన్‌లోని కాన్పుల డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ 2015 మార్గదర్శకం గానీ, అమెరికాలో అలాంటి సంస్థే అయిన ఏకాగ్ గానీ రెండు సిజేరియన్ల తర్వాత నార్మల్ ప్రయత్నాన్ని నిషేధించలేదు. కుట్టు కింది భాగంలో అడ్డంగా వేసినదై ఉండాలి, సీనియర్ కాన్పుల డాక్టరు కూర్చుని వివరంగా మాట్లాడాలి, వెంటనే ఆపరేషన్ చేయగల చోటై ఉండాలి అంటాయి. అంటే ఆమె కోరిక గైడ్‌లైన్‌కి పూర్తిగా బయట లేదు. బయట ఉన్నది మీ నర్సింగ్ హోమ్. మత్తు డాక్టరు ఫోన్ చేస్తే రావడానికి నలభై నిమిషాలు పడుతుందని మీరే రాశారు. ఈ రెండూ విడదీసి చూడకపోతే, మన సదుపాయాల లోటుని ఆమె మొండితనంగా లెక్కగడతాం.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? పాత కాగితాల దగ్గర. రెండు ఆపరేషన్ల డిశ్చార్జ్ కాగితాలు తెప్పించండి. లేకపోతే ఆ ఆసుపత్రులకి మీరే ఫోన్ చేయండి. గర్భసంచి మీద కోత నిలువుగా పెట్టారా, టీ ఆకారంలో పోయిందా, అన్నది పొట్ట మీద మచ్చ చూస్తే తెలియదు. నిలువు కోత అని తేలితే మాట్లాడాల్సింది పూర్తిగా వేరు, నొప్పులదాకా ఆగొద్దని గట్టిగానే చెప్పాలి. పోయిన కాన్పుకీ ఈ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది, అదీ చూడండి. మాయ ఎక్కడుందో స్కాన్‌లో తప్పకుండా చూడాలి. రెండు సిజేరియన్లయిన వాళ్ళకి మాయ కిందికి ఉంటే, అది పాత కుట్టులోకి పాతుకుపోయే అవకాశం నూటికి 40 దాకా ఉందని 2006లో అమెరికాలో 30 వేల మంది మీద చేసిన అధ్యయనం చెప్పింది. అలాంటప్పుడు నార్మల్ అన్న మాటే రాదు, మీ ఆసుపత్రిలో సిజేరియన్ కూడా చేయకూడదు.

ఇంకో మాట. మన దగ్గర స్కాన్ రిపోర్టులో కుట్టు మందం ఇన్ని మిల్లీమీటర్లు అని రాగానే "కుట్టు పల్చబడింది, ఇవాళే ఆపరేషన్" అనడం అలవాటైపోయింది. ఇంత మందం ఉంటే ఆగుతుంది, ఇంతకంటే తగ్గితే విడిపోతుంది అని అందరూ ఒప్పుకున్న అంకె ఏదీ లేదు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పి భయపెడితే, ఆమె ఒప్పుకున్నా అది ఒప్పుకోలు కాదు.

తర్వాత ఆమెని అడగండి, ఎందుకు నార్మల్ కావాలంటున్నావమ్మా అని. వాదించడానికి కాకుండా తెలుసుకోవడానికి అడగండి. నా దగ్గరికొచ్చిన ఒకామె రెండు నెలలు ఆపరేషన్ వద్దంటూనే ఉంది. ఒకరోజు తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. మొదటిసారి టేబుల్ మీద రెండు చేతులూ కట్టేశారట, బిడ్డని చూపించకుండానే తీసుకెళ్ళారట, మూడో రోజుకి గానీ చేతికివ్వలేదట. చేతులు కట్టం, భర్త తల దగ్గర కూర్చోవచ్చు, బిడ్డ బాగుంటే వెంటనే గుండెల మీద పెడతాం అన్నాను. ఆలోచించుకుని వచ్చి తనే సిజేరియన్‌కి తేదీ అడిగింది. ఇంకొకామెకి అసలు భయం మూడోసారి కోత తర్వాత ఇద్దరు చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారని. ఆమె నిర్ణయం మారలేదు, నార్మల్‌కే వెళ్ళింది. ఇద్దరి విషయంలోనూ కారణం తెలిశాకే నేను పనికొచ్చే మాట చెప్పగలిగాను.

ఇప్పుడు అంకెలు. ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనక వరసకి పది చొప్పున వంద చుక్కలు పెడతాను. రెండు సిజేరియన్ల తర్వాత నొప్పులకి వెళ్ళిన వందమందిలో దాదాపు 70 మందికి నార్మల్ అవుతుంది. ఆ 70 చుక్కల చుట్టూ గీత గీస్తాను. మిగతా 30 మందికి నొప్పుల మధ్యలో ఆపరేషన్ అవసరమవుతుంది, ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్ కంటే ఆ ఆపరేషన్‌లో ఇబ్బందులెక్కువ. ఈ ముక్క దాచకూడదు. కుట్టు విడిపోవడం ఒక సిజేరియన్ అయినవాళ్ళలో వెయ్యిమందికి సుమారు ఐదుగురిలో చూస్తాం, రెండు అయినవాళ్ళలో 13, 14 మందిలో. విడిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి: బిడ్డకి ఆక్సిజన్ అందే సమయం నిమిషాల్లో ఉంటుంది, బిడ్డ పోవచ్చు, మెదడు దెబ్బతినొచ్చు, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. మెల్లగా, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పండి. ముందు ఎప్పుడైనా నార్మల్ కాన్పు అయి ఉంటే అవకాశం ఇంకా బాగుంటుంది, మీ పేషెంట్‌కి అది లేదు.

రెండో వైపు లెక్క కూడా అదే కాగితం మీద ఉండాలి. మూడో సిజేరియన్‌లో పేగులు, మూత్రాశయం అతుక్కుని ఉండొచ్చు. ఆపరేషన్ సాగుతుంది, మూత్రాశయానికి గాయమయ్యే ప్రమాదం పెరుగుతుంది, రక్తం ఎక్కువ పోవచ్చు. ఇంకా పిల్లలు కావాలా అని అడగడం మర్చిపోకండి. నాలుగో గర్భంలో మాయ కిందుంటే అది పాతుకుపోయే అవకాశం 60 శాతం దాటుతుంది. ఈ బిడ్డతో చాలు, దీంతోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేసుకుంటాను అనే మనిషికి ఈ అంకెతో పనిలేదు. ఇంకో బిడ్డ కావాలనుకునే మనిషికి ఇదే ముఖ్యం. ఒక్క పేషెంట్‌కి ఏ రిస్కు ముఖ్యమో ఆమెకే తెలుసు, మనకి తెలియదు.

ఈ అంకెలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఇవన్నీ ఇరవై నాలుగు గంటలూ మత్తు డాక్టరు, థియేటర్, రక్తం అందుబాటులో ఉన్న ఆసుపత్రుల లెక్కలు. మీ నర్సింగ్ హోమ్‌కి అవి వర్తించవు. కుట్టు విడిపోయే అవకాశం అక్కడా ఇక్కడా ఒకటే కావచ్చు, విడిపోయాక బిడ్డని దక్కించుకునే అవకాశం మాత్రం ఒకటి కాదు. ఆమెకి ఇది సూటిగా చెప్పండి: "మీరు కోరుకున్నది తప్పు కాదమ్మా, కానీ ఈ బిల్డింగ్‌లో నేను దాన్ని జాగ్రత్తగా చేయలేను. మా మత్తు డాక్టరు గారు వచ్చేసరికి నలభై నిమిషాలవుతుంది." ఇలా చెప్తే దాదాపు అందరూ అర్థం చేసుకుంటారు. నేను చూసినంతలో జనానికి నిజం చెప్తే కోపం రాదు, బెదిరిస్తే వస్తుంది.

అలా చెప్పి వదిలేయకండి. మీకు దగ్గరలోని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గానీ, రాత్రీపగలూ థియేటర్ నడిచే పెద్ద ఆసుపత్రిలో గానీ ఇలాంటి కాన్పు తీసుకునే డాక్టరు ఎవరో మీరే కనుక్కోండి. మీరే ఫోన్ చేసి మాట్లాడండి. ఉత్తరం రాసివ్వండి, రక్తం గ్రూపు, పాత ఆపరేషన్ వివరాలు, మాయ ఎక్కడుందో, అన్నీ అందులో ఉండాలి. అక్కడ ఆమె పేరు నమోదయ్యేదాకా చెకప్‌లు మీ దగ్గరే. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి కూడా ఇదే చెప్తుంది: ఎవరిని చూడాలన్నది డాక్టరు ఇష్టం, కానీ అత్యవసరంలో వచ్చిన మనిషిని కాదనకూడదు, ఒకసారి చేపట్టిన కేసుని తగినంత ముందుగా చెప్పకుండా మధ్యలో వదిలేయకూడదు. 34 వారాల దగ్గర "వేరే చోట చూసుకో" అనేసి చేతులు దులుపుకుంటే అది రిఫరల్ కాదు, వదిలేయడమే.

చోటు ఏదైనా, నొప్పుల్లో ఏం చేస్తామన్నది ఇప్పుడే, 34 వారాల్లోనే, ఒక్కొక్కటిగా మాట్లాడాలి. చేతికి సూది పెట్టి ఉంచడం. ఆమె రక్తానికి సరిపోయే రక్తం పరీక్షించి (క్రాస్‌మ్యాచ్ చేసి) పెట్టడం. బిడ్డ గుండె చప్పుడు ఆగకుండా చూడటం. ఎంతసేపు ముందుకి సాగకపోతే ఆపరేషన్‌కి వెళ్దాం అన్నది. చాలామంది గుండె చప్పుడు చూసే బెల్ట్ పొట్టకి కట్టడం వద్దంటారు, కదలనివ్వరని. కుట్టు విడిపోతున్నప్పుడు అన్నిటికంటే ముందు తేడా కనిపించేది చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడులోనే అని, నొప్పి, రక్తస్రావం తర్వాత వస్తాయని, కొన్నిసార్లు అసలు రావని చెప్పండి. బెల్ట్ కట్టుకునే నిలబడొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. అయినా వద్దంటే, ఒక నర్సు పక్కనే ఉండి పదిహేను నిమిషాలకోసారి, బిడ్డ దిగేటప్పుడు ఐదు నిమిషాలకోసారి వినేలా ఒప్పుకుంటుందేమో అడగండి. అది బెల్ట్ అంత మంచిది కాదని ఆమెకి చెప్పి, కేస్ షీట్‌లో రాసి, అదైనా చేయండి. అన్నీ ఒప్పుకుంటేనే చేర్చుకుంటాం అంటే ఏదీ ఒప్పుకోకుండా ఇంట్లో ఉండిపోతుంది. ఆ ఆటో రాత్రి నాకు నేర్పింది అదే.

అయితే ఆమె అడిగినదల్లా మీరు చేయాలని కాదు. వద్దనే హక్కు ఆమెకి పూర్తిగా ఉంది. ఫలానాది చేసి తీరాలని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు వేరే, అది ఆమెకి లేదు. తేదీ దాటిందని, నొప్పులు రావడానికి మాత్ర పెట్టమని ఆమె గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళు గానీ అడిగితే, పాత కుట్టున్న గర్భసంచికి మిసోప్రోస్టాల్ పెట్టనని కచ్చితంగా చెప్పండి. నేను చెప్తాను. దానివల్ల కుట్టు విడిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది కాబట్టి.

సంతకం సంగతికి వద్దాం. రాత్రి రెండు గంటలకి నొప్పుల మధ్య ఇంగ్లీషులో అచ్చువేసిన ఫారం ముందు పెట్టి, బయట నిలబడ్డ భర్త చేత సంతకం పెట్టించుకోవడం మనందరం చూశాం, చేశాం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ఒకసారి చదవండి. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి, బయట ఉన్న వాళ్ళమ్మ చేత ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పెద్దదైన, బుద్ధి స్థిరంగా ఉన్న స్త్రీకి బదులు ఆమె తల్లి ఒప్పుకుంటే చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు మత్తు దిగేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని కోర్టు అంది. చికిత్స ఏమిటి, దాని లాభనష్టాలేమిటి, వేరే మార్గాలేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలిశాకే అది ఒప్పుకోలు అని కూడా చెప్పింది. బ్రిటన్‌లో 2015లో మాంట్‌గోమరీ కేసు ఇంకో అడుగు ముందుకేసింది. షుగరున్న గర్భిణికి నార్మల్‌లో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం నూటికి 9, 10 ఉన్నా, చెప్తే సిజేరియన్ అడుగుతుందని డాక్టరు చెప్పలేదు. డాక్టర్లు సాధారణంగా ఎంత చెప్తారన్నది లెక్క కాదని, ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పాలని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ దాచింది నార్మల్ రిస్కు, మన దగ్గర ఎక్కువగా దాచేది సిజేరియన్ రిస్కు.

ఇది కొంచెం పక్కకి వెళ్ళే మాటే అయినా అనకుండా ఉండలేను. ముహూర్తం కుదిరిందని 37 వారాలకే ఆపరేషన్ చేయమని వచ్చే కుటుంబాల్ని మీరూ చూస్తూనే ఉంటారు. 39 వారాల లోపు కారణం లేకుండా తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది ఎక్కువని మనకి తెలుసు, గైడ్‌లైన్ అదే చెప్తుంది. అయినా చాలామంది ఒప్పేసుకుంటున్నారు, అక్కడ హై రిస్క్ సంతకం ఎవరూ అడగడం లేదు. నార్మల్ కావాలన్నప్పుడు మాత్రం గైడ్‌లైన్ బయటికి తీస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ప్రైవేటులో 63. ఇన్ని మొదటి సిజేరియన్లు చేసింది మనమే. వాటి తర్వాత రెండోసారి, మూడోసారి వచ్చే ఆడవాళ్ళ ప్రశ్నలకి తీరుబడిగా జవాబివ్వాల్సిన బాధ్యత కూడా మనదే. ముహూర్తం అడిగిన తల్లితో కూడా నేను ఇలాగే కూర్చుని మాట్లాడతాను, ఆ రోజుకి తీస్తే బిడ్డ ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉండాల్సి రావచ్చని చెప్తాను. సగంమంది తేదీ వెనక్కి జరుపుకుంటారు.

మీ పేషెంట్ ఈసారి వచ్చినప్పుడు ఓపీ రద్దీ తగ్గాక పిలవండి. ముందు పది నిమిషాలు ఆమె ఒక్కతే లోపల ఉండాలి. అత్తగారు, భర్త తర్వాత రావచ్చు. నార్మల్ కావాలన్నది ఆమె కోరికా, డబ్బుల కోసం ఇంట్లోవాళ్ళు పెట్టిన పట్టా అన్నది ఆ పది నిమిషాల్లోనే తెలుస్తుంది. తర్వాత వాళ్ళందరి ముందూ అదే సంగతి మళ్ళీ చెప్పండి. మాట్లాడింది తెలుగులో, మీ చేతిరాతతో, ఒక పేజీ రాయండి: ఏం చెప్పాను, ఏ అంకెలు చెప్పాను, ఏం అడిగింది, ఏది ఒప్పుకుంది, ఏది వద్దంది, ఎందుకు, ఏ ఆసుపత్రికి రాశాను. ఒక కాపీ ఆమె ఫైల్లో, ఒకటి మీ దగ్గర. వారం ఆలోచించుకోమని చెప్పి మళ్ళీ రమ్మనండి. యజమాని డాక్టరు గారికి ఈ పేజీ చూపించండి. ఆయన అడిగిన సంతకం కంటే కోర్టులో కూడా ఇదే బలంగా నిలబడుతుంది, ఆయన భయం తగ్గడానికి ఆ మాట చెప్పండి.

36 వారాలకి గానీ, నొప్పుల మధ్యలో గానీ ఆమె మనసు మార్చుకుని ఆపరేషనే చేయండి అనొచ్చు. అప్పుడు "ముందే చెప్పాం కదా" అని ఎవరూ అనకుండా మీ లేబర్ రూమ్ నర్సులకి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ పేజీ చివర మీ ఫోన్ నంబరు రాసి, దాని కింద పెద్ద అక్షరాలతో ఇది రాయండి: నొప్పులు మొదలైనా, నీరు పోయినా, రక్తం కనిపించినా, కుట్టు దగ్గర నొప్పి వచ్చినా, ఏ వేళైనా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి, అంత దూరం వెళ్ళలేమనిపిస్తే మా దగ్గరికి వచ్చేయాలి, ఎవరూ తిట్టరు.